కథ చెప్పేవాడా, పాచిక వేయించేవాడా? జపాన్, పాశ్చాత్య ఆర్పీజీలలో ఏది ఎంచుకోవాలి

మా మేనల్లుడు గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్న రోజే ఫోన్ చేశాడు. "మామయ్యా, సేల్ ఇంకా రెండు రోజులే ఉంది. పర్సోనా 5 రాయల్ కొనాలా, బాల్డర్స్ గేట్ 3 కొనాలా? రెండూ ఆర్పీజీలే అంటున్నారు. ఏది మంచిది?" ఆర్పీజీ అంటే ఒక పాత్రలోకి దూరి, దాన్ని పెంచుకుంటూ కథలో నడిచే ఆట. వాడడిగిన వాటిలో పర్సోనా జపాన్‌ది, బాల్డర్స్ గేట్ పాశ్చాత్యం. రెండూ మంచివే అని తప్పించుకోవచ్చు. కానీ వాడి దగ్గర ఒక్క ఆటకే డబ్బుంది. పైగా రెండూ తలా వంద గంటలు మింగే రకం. తప్పుగా ఎంచుకుంటే డబ్బు పోవడం అటుంచి, రెండు నెలల సాయంత్రాలు పోతాయి. అందుకని వాడికి చెప్పిన సంగతులే ఇక్కడ కొంచెం విడమరిచి రాస్తున్నాను.

రెండింటి మొదటి గంటను పక్కపక్కన పెట్టి చూడండి, సగం తేడా అక్కడే బయటపడుతుంది. బాల్డర్స్ గేట్ 3 మొదలవగానే కంటిలోకి ఒక పురుగు దూరే దృశ్యం వస్తుంది. ఆ వెంటనే ఆట ఆగి, ఇంతకీ నువ్వెవరు అని అడుగుతుంది. 11 జాతులు, 12 వృత్తులు, ఆరు గుణాల మధ్య పంచుకోవడానికి పాయింట్లు, గొంతు, జుట్టు, కావాలంటే కొమ్ములు. నేను మొదటిసారి ముక్కు నచ్చక అక్కడే ముప్పావు గంట కూర్చున్నాను. పర్సోనా 5 తెరిచేసరికి మాత్రం మీరు అప్పటికే ఒక కాసినోలో పరుగెడుతూ ఉంటారు. ఎందుకో తెలియదు. కాసేపటికే పోలీసులకు దొరికిపోతారు. చేతులకు సంకెళ్లు వేసి, నేలమాళిగలో కొట్టి, నేరం ఒప్పుకుంటున్నట్లు రాసిన కాగితం మీద సంతకం చేయమంటారు. ఆ సంతకమే మీ పాత్రకు మీరు పెట్టే పేరు. ముఖం వాళ్లిచ్చిందే, గతం వాళ్లిచ్చిందే, తలరాత కూడా వాళ్లు రాసిందే. పేరొక్కటే మీది, అది కూడా నేరాంగీకార పత్రం మీద.

చాలామంది జపాన్ ఆర్పీజీ అంటే వంతులవారీ పోరు, పెద్ద కళ్లు, రంగు జుట్టు అనీ, పాశ్చాత్య ఆర్పీజీ అంటే గడ్డాలు, డ్రాగన్లు, బురద దారులు అనీ గుర్తు పెట్టుకుంటారు. కొనేటప్పుడు ఈ గుర్తులు పనికిరావు. బాల్డర్స్ గేట్ 3 పూర్తిగా వంతులవారీ ఆట. 2023లోనే వచ్చిన ఫైనల్ ఫాంటసీ 16లో వంతులే లేవు, అంతా చేతివేగం. నేను చూసేది వేరు. ఆటలో మీకు ఎదురుగా కూర్చున్నది ఎవరు? రాత్రి పడుకోబెట్టి కథ చెప్పే పెద్దమ్మలాంటి మనిషా, లేక పాచిక మీ చేతికిచ్చి "సరే, ఏం చేస్తావో చెయ్యి, ఫలితం నేను చెబుతాను" అనే ఆట పెద్దా? జపాన్ ఆటలలో ఎక్కువ భాగం మొదటి రకం, పాశ్చాత్య ఆటలలో ఎక్కువ భాగం రెండో రకం. మినహాయింపులు రెండు వైపులా ఉన్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

వేరు ఒకటే

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటను అచ్చువేశారు. కంప్యూటర్ లేదు. బల్ల చుట్టూ నలుగురైదుగురు, కాగితాలు, పాచికలు, మధ్యలో డంజన్ మాస్టర్ అనే ఒక మనిషి. తలుపు తెరుచుకోలేదా? గొడ్డలితో కొడతానంటే పాచిక వేయమంటాడు. కాపలావాడికి లంచం ఇస్తానన్నా పాచిక వేయమంటాడు. ముందుగా రాసుకున్న కథ మధ్యలో ఎటు తిరిగినా అతను సర్దుకుంటాడు. పాశ్చాత్య ఆర్పీజీ తయారీదారులు ఈ యాభై ఏళ్లుగా చేస్తున్నది, ఒక రకంగా చూస్తే, ఆ మనిషిని యంత్రంలో కూర్చోబెట్టే ప్రయత్నమే.

1981లో ఆపిల్ 2 కంప్యూటర్ మీద విజార్డ్రీ, అల్టిమా అనే ఆర్పీజీలు వచ్చాయి. వాటిని ఆడి మురిసిపోయిన జపాన్ యువకులలో యూజీ హోరీ ఒకరు. బల్ల మీద ఆడే మూలం ఆయన దేశంలో అప్పటికి ఎక్కువమందికి తెలియదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ జపనీస్ అనువాదం 1985లో గానీ రాలేదు. అంటే అమెరికావాళ్లు ఆ బల్లను తలచుకుంటూ కంప్యూటర్ ఆటలు చేస్తే, జపాన్‌వాళ్లు ఆ కంప్యూటర్ ఆటలనే మూలంగా పట్టుకుని కొత్తవి చేశారు.

ఈ దూరం ఎంతో చెప్పే ముచ్చట ఒకటుంది. విజార్డ్రీ రాసిన విద్యార్థులు సరదాకి ఒక ఖడ్గానికి కుసినార్ట్ అని పేరు పెట్టారు. అది అమెరికా వంటిళ్లలో కూరగాయలు తరిగే యంత్రం బ్రాండును ఆటపట్టించే పేరు. మన దగ్గర మహావీరుడి ఖడ్గానికి మిక్సీ కంపెనీ పేరు పెట్టినట్లు. జపాన్ ఆటగాళ్లకు ఆ బ్రాండు తెలియదు. కుసినార్ట్ అనే మహా కమ్మరి చేసిన ఖడ్గమేమో అనుకుని భక్తిగా వాడుకున్నారు. అమెరికావాడి జోకు సముద్రం దాటేసరికి పురాణమైంది. ఆ సిరీస్ పుట్టింట్లో ఆగిపోయాక కూడా జపాన్‌లో కొత్త విజార్డ్రీలు వస్తూనే ఉన్నాయి.

1986లో హోరీ చేసిన డ్రాగన్ క్వెస్ట్ ఫామికామ్ అనే టీవీ గేమ్ పెట్టె మీద వచ్చింది. కీబోర్డు లేదు, నాలుగు దిక్కుల మీట, నాలుగు బటన్లు. ఆట మొత్తం 64 కిలోబైట్లు. బల్ల దగ్గరి స్వేచ్ఛ అందులో ఎక్కడ పడుతుంది? హోరీ పడేయాలని చూడలేదు. ఆట రాజు కొలువులో మొదలవుతుంది. గది తలుపుకు తాళం. పెట్టెలో తాళంచెవి. మాట్లాడటం, పెట్టె తెరవడం, తలుపు తీయడం, మెట్లు దిగడం అనే నాలుగు పనులూ వస్తేనే బయటికి వెళ్లగలరు. పిల్లవాడికి పాఠం చెబుతున్నట్లే ఉండదు, పాఠం మాత్రం అయిపోతుంది. డ్రాగన్ బాల్ బొమ్మల కథ గీసిన అకిరా తోరియామా రాక్షసులను గీశారు, కోయిచీ సుగియామా సంగీతం ఇచ్చారు. తర్వాతి ఏడాది ఫైనల్ ఫాంటసీ వచ్చింది. ఆటగాడి చేయి పట్టుకుని నడిపించడమే అక్కడ నేర్పుగా స్థిరపడింది.

రాకుమారి అడిగిన ప్రశ్న

ఆ మొదటి డ్రాగన్ క్వెస్ట్‌లోనే ఒక చిన్న ఘట్టం ఉంది. రాకుమారిని కాపాడి తీసుకొస్తారు. ఆమె మిమ్మల్ని ప్రేమిస్తున్నానని చెప్పి, మీ మాటేమిటని అడుగుతుంది. అవును, కాదు అని రెండు జవాబులు. కాదు అంటే ఆమె నొచ్చుకుని అదే ప్రశ్న మళ్లీ అడుగుతుంది. మళ్లీ కాదు అంటే మళ్లీ అడుగుతుంది. తెల్లారేదాకా కాదంటూ కూర్చున్నా కథ కదలదు. పాశ్చాత్య ఆటలకు అలవాటుపడినవారికి ఇది మోసంలా కనిపిస్తుంది. నాకైతే ఇందులో ఒక నిజాయితీ కనిపిస్తుంది: నేను చెప్పే కథ ఇది, వింటావా లేదా అని అడుగుతోంది, అంతే.

అదే ధోరణి పరిపక్వమైతే ఏమవుతుందో 1997లో ఫైనల్ ఫాంటసీ 7 చూపించింది. మూడు సీడీల ఆట అది. మొదటి సీడీ చివర ఏరిత్ చనిపోతుంది. మీతో ఇరవై గంటలు నడిచిన అమ్మాయి, మీరు కష్టపడి లెవెల్ పెంచిన అమ్మాయి, మీరు కొనిచ్చిన దండం చేతిలో ఉన్న అమ్మాయి. ఏం చేసినా ఆపలేరు. ఆమెను బతికించే దారి ఆటలో ఎక్కడో దాగి ఉందని ఏళ్ల తరబడి వెతికినవారున్నారు. లేదు. ఆ తర్వాత ఆమె లేకుండానే ముందుకు నడవవలసి వచ్చినప్పుడు కలిగే దిగులు, కథ చెప్పేవాడి చేతిలో పగ్గాలు పూర్తిగా ఉంటేనే సాధ్యం.

ఇప్పుడు కెనడాలో తయారైన మాస్ ఎఫెక్ట్ చూడండి, 2007. వర్మైర్ అనే గ్రహం మీద మీ అనుచరులు ఇద్దరు, కైడెన్, ఆష్లీ, వేరువేరు చోట్ల చిక్కుకుంటారు. ఒక్కరి దగ్గరికే వెళ్లే వ్యవధి ఉంది. ఎవరి దగ్గరికో ఆట చెప్పదు. మీరే చెప్పాలి. మిగిలినవారు తిరిగిరారు. చావు అక్కడా చావే, కానీ ఏరిత్ పోతే కలిగేది దుఃఖం, వర్మైర్ తర్వాత మిగిలేది దోషం. ఓడలో ఆ మనిషి నిలబడే చోటు ఖాళీగా కనిపించిన ప్రతిసారీ "నేను అటు వెళ్లి ఉంటే" అనిపిస్తుంది. ఆర్పీజీ ఎంచుకునేటప్పుడు మిమ్మల్ని మీరు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: మీకు బాధ పడటం ఇష్టమా, బాధ్యత పడటం ఇష్టమా?

నిర్ణయం చేతికివ్వడంలో పాశ్చాత్య ఆటలు ఎంత దూరం వెళ్లాయో చెప్పడానికి ఫాల్‌అవుట్ ఒక్కటి చాలు. ఇది కూడా 1997దే. తెలివి గుణాన్ని అట్టడుగుకు దించి పాత్రను తయారు చేసుకుంటే మీ వీరుడు సరిగ్గా మాట్లాడలేడు; ఊళ్లో మనుషులు అతనితో మాట్లాడే తీరే మారిపోతుంది. తెలివీ మాటకారితనమూ పెంచుకుంటే చివరి శత్రువును కొట్టకుండానే ఓడించవచ్చు. తాను సృష్టించిన కొత్త జాతికి పిల్లలు పుట్టరన్న ఆధారం అతని ముందు పెడితే అతనే కూలబడిపోతాడు. కత్తి తీయకుండా ఆట ముగిసింది. బల్ల దగ్గరి డంజన్ మాస్టర్ చూసి ఉంటే చప్పట్లు కొట్టేవాడు.

కుండలు, చెంచాలు, బకెట్లు

ప్రపంచాన్ని కట్టే తీరులోనూ ఇదే తేడా, కాకపోతే ఇక్కడ కొంచెం హాస్యం ఎక్కువ. డ్రాగన్ క్వెస్ట్ ఆటల్లో ఎవరింట్లోకైనా నేరుగా వెళ్లి బీరువా తెరిచి, కుండలు పగలగొట్టి, దొరికింది జేబులో వేసుకోవచ్చు. ఇంటాయన పక్కనే నిలబడి "ఈ రోజు వాతావరణం బాగుంది" తరహాలో తన ఒక్క మాట తాను చెప్పుకుంటూ ఉంటాడు. అది ఇల్లు కాదు, రంగస్థలం మీద ఇంటి తెర. బాల్డర్స్ గేట్ 3లో ఎవరి బల్ల మీదో ఉన్న చెంచా మీద చూపు పెడితే చాలు, దాని పేరు ఎర్రగా కనిపిస్తుంది. తీసుకుంటే దొంగతనం. యజమాని చూస్తే కాపలావాళ్లు వస్తారు, సంచి వెతుకుతారు, మీరు అబద్ధమాడాలి, దానికి మళ్లీ పాచిక.

ఇంత నియమబద్ధంగా కట్టిన ప్రపంచాలు అప్పుడప్పుడు నవ్వు తెప్పించేలా విరుగుతాయి. 2011లో వచ్చిన స్కైరిమ్‌లో దుకాణదారు తలకు బకెట్ బోర్లిస్తే అతనికి కళ్లు కనిపించవు. ఎదుటే కొట్టంతా ఊడ్చుకుపోవచ్చు. చూపు అడ్డుపడితే కనిపించదు అన్నది నియమం. తలమీద బకెట్ పెట్టించుకుని ఎవరూ ఊరుకోరన్న నియమం రాయడం మాత్రం మరిచారు. ఆట పెద్దను యంత్రంలో కూర్చోబెడితే ఇలాగే ఉంటుంది: న్యాయం తెలుసు, లోకజ్ఞానం తక్కువ.

ఎదుగుదల విషయం ఇంకొకటి. జపాన్ ఆటలో మొదటి ఊరి బయట తిరిగే బురద ముద్ద రాక్షసి చివరిదాకా మొదటి ఊరి రాక్షసే. నలభై గంటల తర్వాత తిరిగొచ్చి ఒక్క దెబ్బతో చితక్కొడితే, ఉద్యోగం వచ్చాక సొంతూరు బస్టాండులో దిగినంత గర్వం. ఆబ్లివియన్ అనే పాశ్చాత్య ఆట 2006లో దీనికి పూర్తిగా ఎదురు వెళ్లింది: మీరు ఎదిగేకొద్దీ దారిదొంగలూ ఎదుగుతారు. చివరికి రాజులకు కూడా దొరకని గాజు కవచం తొడుక్కుని వచ్చి, వంద నాణేలు ఇవ్వమని బెదిరిస్తాడు ఒకడు. ఆ కవచం అమ్ముకుంటే వాడికి దొంగతనమే అక్కర్లేదు. ఈ పద్ధతిని తర్వాతి ఆటల్లో చాలావరకు సరిదిద్దారు.

పోరాట పద్ధతుల మీద ఎక్కువ రాయను. కొనే నిర్ణయానికి అది అనుకున్నంత ముఖ్యం కాదు. పర్సోనాలో శత్రువు బలహీనత పట్టుకుని కొడితే వాడు కూలబడతాడు, మీకు ఇంకో వంతు వస్తుంది, అందరినీ కూల్చితే మీ జట్టంతా కలిసి వాళ్ల మీద పడుతుంది. తాళానికి తాళంచెవి వెతకడం లాంటిది. బాల్డర్స్ గేట్‌లో తాళంచెవి ఒక్కటే ఉండదు. నూనె పారబోసి నిప్పంటించవచ్చు, శత్రువును కొండ అంచు నుంచి తోసేయవచ్చు, పైకెక్కి బాణాలు వేయవచ్చు. మొదటిది మీకు లయ నేర్పుతుంది, రెండోది కొంటెతనం నేర్పుతుంది.

ఒక సాయంత్రం ఎలా గడుస్తుంది

లక్షణాల పట్టిక చదివితే తెలియనిది ఇది. అందుకే ఒక్కో ఆటలోంచి ఒక్కో ముక్క దగ్గరగా చూపిస్తాను.

పర్సోనా 5. టోక్యోలో ఏప్రిల్ నెల, వాన. బడి అయిపోయింది. మీ సంచిలో ఎప్పుడూ ఒక పిల్లి ఉంటుంది, అది మాట్లాడుతుంది. ఇప్పుడు ఏం చేయాలి? షిబుయాలోని హోటల్‌లో కూర్చుని చదువుకుంటే జ్ఞానం పెరుగుతుంది, వాన రోజు కాబట్టి కొంచెం ఎక్కువే పెరుగుతుంది. లేదా స్నేహితుడితో తిరిగితే ఆ బంధం ఒక మెట్టు ఎక్కి, పోరులో ఒక కొత్త నేర్పు వస్తుంది. లేదా శత్రువు మనసులోని కోటలోకి వెళ్లవచ్చు. దానికి మే 2 గడువు, దాటితే ఆట ముగిసినట్లే. ఒక్క పనే కుదురుతుంది. చేశాక రాత్రవుతుంది. కాఫీ కొట్టు పైనున్న మీ గదికి వస్తే, ఇక పడుకో అని పిల్లి పోరు పెడుతుంది. తేదీ కాగితం తిరుగుతుంది. ఈ ఒక్క రోజుకు పదిహేను ఇరవై నిమిషాలు. ఇంకొక్క రోజు అనుకుంటూ రెండు గంటలు.

గమనించండి, ఇక్కడా ఎంపిక ఉంది. కానీ అది కథను మార్చే ఎంపిక తక్కువ, సమయాన్ని పంచుకునే ఎంపిక ఎక్కువ. ఎవరికి ఏమవుతుందో రచయిత చేతిలోనే ఉంది. ఎవరితో ఎక్కువ సేపు కూర్చున్నారన్నదే మీ చేతిలో ఉంది.

బాల్డర్స్ గేట్ 3. ఎగిరే ఓడ కూలిన ఒడ్డు నుంచి కాస్త ముందుకు నడిస్తే, చెట్టుకు వేలాడే బోనులో లేజెల్ అనే యోధురాలు. కింద ఇద్దరు కొమ్ములున్న టీఫ్లింగులు, ఆమెను ఏం చేయాలా అని చూస్తున్నారు. ఇది ప్రమాదకరమైన ప్రాణి, మీరు వెళ్లండి, నేను చూసుకుంటాను అని నమ్మించవచ్చు. తెర మధ్యలో 20 ముఖాల పాచిక దొర్లుతుంది. తగినంత పడితే వాళ్లు వెళ్లిపోతారు. పడకపోతే కత్తులు దూసే పరిస్థితి రావచ్చు, అప్పుడు మీకు ఏ కీడూ చేయని ఇద్దరి ప్రాణాలు మీ మెడకు చుట్టుకుంటాయి. లేదా ఆమెను అక్కడే వదిలేసి పోవచ్చు; ఆట ఏమీ అనదు. ఒప్పించాక బోనును కింద పడేయడానికి బాణం వేస్తారా, మంత్రం వేస్తారా అన్నదీ మీ ఇష్టమే. ఐదు నిమిషాల ఘట్టం ఇది. ఇలాంటివి వందల కొద్దీ ఉన్నాయి, ప్రతి దాని ముందూ కొంత తల గోక్కోవాలి.

అందుకే నా సలహా మీ ఉద్యోగం దగ్గర మొదలవుతుంది. రోజంతా ఆఫీసులో నిర్ణయాలు తీసుకుని ఇంటికి వచ్చేవారికి బాల్డర్స్ గేట్ ఇంకొక షిఫ్టు. అలాంటివారు పర్సోనా గానీ, డ్రాగన్ క్వెస్ట్ 11 గానీ తీసుకోండి. డ్రాగన్ క్వెస్ట్ 11లో మామూలు పోరులను ఆటకే అప్పగించి, మీ జట్టువాళ్లే పోరాడుతుంటే టీ తాగుతూ చూడవచ్చు. అదే, రోజంతా ఎవరో చెప్పిన పని చెప్పినట్లు చేసి విసిగిపోయేవారికి, సాయంత్రం పూట మళ్లీ చేయి పట్టుకుని నడిపించే ఆట అంటే ఊపిరాడదు. వారికి పాశ్చాత్య ఆటే మందు.

మధ్యలో లేవవలసి వచ్చే ఇళ్లకు ఒక మాట. పాశ్చాత్య ఆటల్లో సాధారణంగా ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేయవచ్చు. జపాన్ ఆటల్లో, ముఖ్యంగా పాతవాటిలో, సేవ్ చేసే చోటు వెతుక్కోవాలి. చంటిపిల్ల ఏడ్చిందని పెద్ద శత్రువుతో పోరు ఆగదు. ఆటను ఉన్నపళంగా నిద్రపుచ్చే చేతి గేమింగ్ పరికరాలు ఉన్నవారికి ఈ బెంగ లేదు.

భాష సంగతి

పర్సోనా 5 రాయల్‌లోనూ, బాల్డర్స్ గేట్ 3లోనూ తెలుగు లేదు. రెండూ ఇంగ్లీషులో ఆడాలి. అయితే ఆ ఇంగ్లీషు ఒకటి కాదు. జపాన్ ఆటల అనువాదాలు ఎక్కువగా చిన్న వాక్యాలు. బటన్ నొక్కితేనే తర్వాతి మాట వస్తుంది కాబట్టి నిదానంగా చదువుకోవచ్చు. బాల్డర్స్ గేట్‌లో బ్రిటిష్ యాసలు, పాతకాలపు పదాలు, ఎగతాళి కలిసిన మాటలు. సబ్‌టైటిళ్లు లేకుండా అనుసరించడం నాకే కష్టమైంది. 2019లో వచ్చిన డిస్కో ఎలీసియం ఇంకా ఘనం. అందులో మామూలు అర్థంలో పోరే లేదు. తాగి అన్నీ మరిచిపోయిన పోలీసు తలలో అతని 24 నేర్పులూ ఒకదానితో ఒకటి వాదించుకుంటాయి. పది లక్షల పదాల ఆట. ఇంగ్లీషు నవలలు హాయిగా చదివేవారైతే దానికి మించింది లేదు. అలా చదవలేకపోతే దగ్గరికి వెళ్లకండి, చేతిలో నిఘంటువు పెట్టుకుని ఆడితే హాస్యం చచ్చిపోతుంది.

ఇంకో చిన్న విషయం, ఇది మనకు లాభించేది. పర్సోనా ఇంగ్లీషు అనువాదంలో కూడా సాన్, కున్, సెంపాయ్ లాంటి జపాన్ పిలుపులను అలాగే ఉంచారు. అమెరికా ఆటగాడికి అవి పరాయి తోకలు. గారు, అన్నయ్య, నువ్వు, మీరు మధ్య పుట్టి పెరిగిన మనకు, ఒక పాత్ర ఇంకొక పాత్రను పిలిచే పిలుపు మారగానే వాళ్ల మధ్య ఏదో మారిందని ఇట్టే తెలిసిపోతుంది.

గట్టు మీద కూర్చున్న ఆటలు

జపాన్‌లో పుట్టినా రెండో రకం పెద్దమనిషి నడిపే ఆట ఎల్డెన్ రింగ్, 2022. పాత్రను మీరే తయారు చేసుకోవాలి, ఎటు పోవాలో మీరే తేల్చుకోవాలి. దాన్ని చేసిన హిడెటాకా మియాజాకి చిన్నప్పుడు పాశ్చాత్య కాల్పనిక పుస్తకాలు సగం అర్థం కాక, మిగతా సగం ఊహించుకుంటూ చదివేవాడినని చెప్పుకున్నారు. ఆ ఆట అలాగే ఉంటుంది. ఎదురుగా ఆట పెద్ద ఉన్నాడు కానీ నోరు విప్పడు. తప్పు చేస్తే మాత్రం చంపేస్తాడు. గొప్ప ఆట. మొదటి ఆర్పీజీగా మాత్రం ఎవరికీ చెప్పను.

ఎదురు దిక్కున, ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో చేసిన క్లెయిర్ అబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33, 2025. మనుషులు, వీధులు, విషాదం అన్నీ ఫ్రెంచివే, కానీ కూర్చోబెట్టి కథ చెప్పే తీరు పక్కా జపాన్‌ది. వంతులవారీ పోరే, అయితే శత్రువు కొట్టే క్షణాన సరిగ్గా బటన్ నొక్కితే దెబ్బ తప్పుతుంది, కాబట్టి నిద్ర రాదు. వంతుల ఆటలంటే విసుగు అనేవారికి నేను ముందుగా ఇచ్చేది ఇదే. పోలండ్‌లో చేసిన విచర్ 3 కూడా గట్టు మీదిదే: ఎంపికలు, వాటి ఫలితాలు పాశ్చాత్యం, కానీ వీరుడు ముందే రాసిపెట్టిన గెరాల్ట్. ముక్కు మార్చే అవకాశం లేదు, గడ్డం మాత్రం పెరుగుతుంది.

పిల్లల హైస్కూలు కథలు మాకెందుకు అనే నడివయసువారికి యాకుజా: లైక్ ఎ డ్రాగన్. వీరుడికి 42 ఏళ్లు, జైలుకు వెళ్లివచ్చాడు, ఇల్లు లేదు. చిన్నప్పుడు డ్రాగన్ క్వెస్ట్ ఆడి పెరిగాడు కాబట్టి వీధి రౌడీలు అతని కంటికి రాక్షసుల్లా కనిపిస్తారు.

కొనేముందు, మొదటి రోజు

బాల్డర్స్ గేట్ 3కి 150 జీబీ ఖాళీ ఉన్న ఎస్ఎస్‌డీ కావాలి, గ్రాఫిక్స్ కార్డూ కాస్త మంచిదే ఉండాలి. పర్సోనా 5 రాయల్ అందులో మూడో వంతు కూడా తీసుకోదు, పాత ల్యాప్‌టాప్‌లోనూ నెట్టుకొస్తుంది. ఫోను తప్ప ఏమీ లేనివారు బెంగపడనక్కర్లేదు. 1995లో వచ్చిన క్రోనో ట్రిగ్గర్ ఫోనులో దొరుకుతుంది, ఇరవై పాతిక గంటల్లో పూర్తవుతుంది, ఒక్క నిమిషం వృథా చేయదు. జపాన్ పద్ధతి మీకు సరిపడుతుందో లేదో తేల్చుకోవడానికి ఇంతకంటే చవకైన పరీక్ష నాకు తెలియదు. పాశ్చాత్య పద్ధతికి అలాంటి పరీక్ష కావాలంటే 1998 నాటి మొదటి బాల్డర్స్ గేట్ కూడా ఫోనులో ఉంది, కానీ చిన్న తెర మీద ఆ అక్షరాలతో కళ్లు లాగుతాయి. టాబ్లెట్ ఉంటేనే ముట్టుకోండి.

పర్సోనా మొదలుపెడితే, కోటలోకి వెళ్లే పనిని గడువు దాకా నానబెట్టకండి. రెండు మూడు రోజుల్లో అది ముగించేసి, మిగిలిన రోజులను స్నేహితులకు ఇవ్వండి. నేను మొదటిసారి చివరి రోజు దాకా పుస్తకాలు చదువుతూ కూర్చుని, గడువు తప్పి వారం వెనక్కి వెళ్లవలసి వచ్చింది. పరీక్షల అలవాటు అలాంటిది.

బాల్డర్స్ గేట్ మొదలుపెడితే, కఠినత్వాన్ని తేలిక స్థాయిలో పెట్టుకోండి, నామోషీ ఏమీ లేదు, తర్వాత మార్చుకోవచ్చు. పాచిక తప్పిన ప్రతిసారీ పాత సేవ్‌కు వెళ్లి మళ్లీ వేయాలన్న దురద పుడుతుంది. మొదటి పది గంటలైనా దాన్ని ఆపుకోండి. ఆ ఆటలో మంచి ఘట్టాలు చాలావరకు తప్పిన పాచిక వెనకే ఉన్నాయి. పాత్ర తయారీ దగ్గర అరగంట మించి ఉండకండి. వృత్తి నచ్చకపోతే తర్వాత కొద్ది నాణేలకు మార్చిపెట్టే ఒక అస్థిపంజరం పెద్దాయన మీ గుడారాల దగ్గరికే వస్తాడు.

మా మేనల్లుడు ఇవన్నీ విని బాల్డర్స్ గేట్ 3 కొన్నాడు. నెల దాటింది. నిన్న ఫోన్ చేస్తే ఇప్పుడు నాలుగో పాత్ర అన్నాడు. మొదటిదానికి వృత్తి నచ్చలేదట, రెండోదానికి కొమ్ములు, మూడోదానికి గొంతు. లేజెల్ ఇంకా బోనులోనే ఉంది. వచ్చే సేల్‌లో పర్సోనా కొనుక్కోరా, ముఖం వాళ్లే ఇస్తారు అన్నాను.